ముందు వరసలో ఆడే పిల్ల

మా అమ్మాయి సాకర్‌లోకి రావడానికి కారణం కూచిపూడి. ఇక్కడ అమెరికాలో మేం ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని వచ్చిన కొత్తలో, చుట్టుపక్కల తెలుగు ఆడపిల్లలందరూ వెళ్తున్నారు కదా అని దీన్నీ డాన్స్ క్లాసులో చేర్పించాను. కొన్నాళ్లు చూసి ఆ టీచరమ్మ నన్ను పక్కకి పిలిచింది. పాపం చాలా మర్యాదగానే, మీ పాప కాళ్లు ఒక్కచోట నిలబడవండీ, వాటికి తాళం కన్నా పరుగే బాగా తెలుసు, ఏదైనా ఆటలో వెయ్యండి అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ఆ మంటంతా మా ఆయన మీద చూపించాను. ఆయన తాపీగా, మా ఆఫీసులో ఒకతని పిల్లలు సాకర్ ఆడతారు, కనుక్కుంటాలే అన్నారు. మన దగ్గర ఫుట్‌బాల్ అనేదాన్నే ఇక్కడ సాకర్ అంటారన్నది తప్ప ఆ ఆట గురించి నాకప్పటికి ఒక్క ముక్క తెలియదు.

దగ్గర్లో ఉన్న క్లబ్బులో చేర్పించాం. మొదటి కోచ్ ట్రినిడాడ్ నుంచి వచ్చిన పెద్దాయన. భారీ మనిషి, పరిగెత్తలేక నడుస్తూనే ఆట నేర్పేవారు. ఆయన చెప్పే పాఠం ఒక్కటే. బంతి కాలికి తగలగానే ముందు గోల్ వైపు చూడు, మిగతా సంగతి తర్వాత. మా దాని పరుగు చూసి మొదటి వారంలోనే దాన్ని ఫార్వర్డ్‌గా పెట్టేశారు. అంటే అందరికన్నా ముందుండి గోల్స్ కొట్టే పని. ఇంట్లో పాల గ్లాసు ముందు అరగంట కూర్చునే పిల్ల, బంతి వెనకాల అలా దూసుకుపోతుంటే, ఇది నా కడుపున పుట్టిందేనా అని నోరు తెరుచుకుని చూశాను.

దానికి ఎడమ పక్కన ఇంకో పిల్ల ఆడేది. ఆ పిల్లకి అన్నీ ఎడమ కాలితోనే. వాళ్లమ్మది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం, హెయిర్ సెలూన్ నడిపేది, గట్టి మనిషి. ఈ ఇద్దరు పిల్లలకీ ఎవరూ నేర్పని ఒక ఒప్పందం ఉండేది. ఆ పిల్ల తలెత్తి చూడకుండానే బంతిని మధ్యలోకి కొట్టేది. అది పడే చోటికి మాది అప్పటికే వచ్చి ఉండేది. ఎలా తెలుస్తుందే నీకు అని అడిగితే, తెలీదమ్మా, కాళ్లే వెళ్లిపోతాయి అనేది. గోల్ పడితే ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి గడ్డిలో దొర్లేవాళ్లు. ఆ గడ్డి మరకలు వదిలించలేక నేను చచ్చేదాన్ని, అయినా ఆ శనివారాలంటే నాకు పండగే.

మైదానం పక్కన మడత కుర్చీలో కూర్చుని, బంతి దీని కాలికి దొరికిందంటే చాలు, "కొట్టవే!" అని అరిచేదాన్ని. కొన్నాళ్లకి అక్కడి అమెరికన్ తల్లులకి కూడా ఆ మాట పట్టుబడిపోయింది. వాళ్ల పిల్లలకి బంతి దొరికినా వాళ్లూ కొట్టవే అని అరిచేవాళ్లు. మా ఆయన సిగ్గుతో కుర్చీ ఇంకాస్త దూరంగా జరుపుకునేవారు.

మా అమ్మాయికి పదకొండో ఏడు నడుస్తుండగా క్లబ్ వాళ్లకి పై డివిజన్‌కి వెళ్లాలనే కోరిక పుట్టింది. దానికి పెద్దాయన సరిపోరనుకున్నారు. ఆయన్ని బుడతల జట్టుకి మార్చేసి, మా జట్టుకి ఇంగ్లండ్ నుంచి వచ్చిన కుర్రవాణ్ని తెచ్చారు. మంచివాడే. ఎప్పుడూ నవ్వు మొహం, చేతిలో అయస్కాంతపు బిళ్లలున్న తెల్ల బోర్డు. ఆ బిళ్లలే పిల్లలు. ఒకదాన్ని ఇటు జరిపి, ఇంకోదాన్ని అటు జరిపి, ఆట మొదలవకముందే అక్కడ గెలిచేసేవాడు. అతను తన పాత క్లబ్ నుంచి ఒక పొడుగు పిల్లని కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ పిల్లా ఫార్వర్డే. ముందు వరస మధ్యలో ఉండేది ఒకే చోటు. ఆ చోట్లో మా అమ్మాయి ఉంది.

ఈ క్లబ్బుల్లో ఒక పద్ధతి ఉంది. సీజన్ మొదలయ్యే ముందు కోచ్ ఒక్కో కుటుంబాన్నీ విడిగా పిలిచి, మైదానం పక్కనే కుర్చీలు వేసుకుని మాట్లాడతాడు. తల్లిదండ్రులు తమ పిల్ల ఏమిటో, ఎక్కడ ఆడాలనుకుంటోందో చెప్పుకోవాలి. చెప్పుకోవడమంటే ఇక్కడ పోట్లాడుకోవడమే. మా ముందు వెళ్లిన సెలూన్ ఆవిడ గొంతు పార్కింగ్ దాకా వినిపించింది. నా కూతురు ఎడమ పక్కనే ఆడుతుంది, ముందే ఆడుతుంది, కాదంటే ఇప్పుడే చెప్పండి, వేరే క్లబ్బులు చాలా ఉన్నాయి అని ఆవిడ తెగేసి చెప్పింది. మా ఆయన నా వైపు చూసి, ఏమిటీ మనిషి, గురువుతో మాట్లాడే తీరు ఇదేనా అని గొణిగారు. నాకూ అలాగే అనిపించింది.

మా వంతు వచ్చింది. మా ఆయన ఆ రోజు ఆఫీసుకి కూడా వేసుకోని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. కుర్చీ అంచు మీద కూర్చుని, ముందుకి వంగి, మా గుంటూరు స్కూల్లో హెడ్మాస్టరు గారి ముందు నిలబడినట్టే మాట్లాడారు. మీరు కోచ్, మీకు తెలియనిది మాకేం తెలుస్తుంది, మా అమ్మాయిని ఎక్కడ పెట్టినా మాకు సమ్మతమే, చెప్పిన మాట వింటుంది, వినకపోతే మాకు చెప్పండి, మీరు గట్టిగా ఉన్నా మేమేమీ అనుకోము. ఇదంతా ఇంగ్లీషులోనే. పక్కన నేను తలాడిస్తూ, చదువులో కూడా ఫస్టే అని ఒక ముక్క కలిపాను, అక్కడికెవరో అడిగినట్టు.

ఆ కుర్రవాడి మొహం వెలిగిపోయింది. తల్లిదండ్రులందరూ మీలా ఉంటే నా ఉద్యోగం ఎంత హాయిగా ఉండేదో అన్నాడు. లేచి నిలబడి మా ఇద్దరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మేం పొంగిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు దోసెలు తినడానికి ఆగాం కూడా. చూశావా, మర్యాదగా ఉంటే వాళ్లే చూసుకుంటారు అన్నారు మా ఆయన, సాంబారు ఇంకో గిన్నె తెప్పించుకుంటూ.

ఆయన్ని మాత్రం అని ఏం లాభం? మేం పెరిగిందే అలా. పిల్లని మాస్టారి చేతిలో పెట్టి, ఇక మీదే భారం, నాలుగు తగిలించినా అడగం అనేసేవాళ్లు మా నాన్నలు. అలా అప్పజెప్పిన పిల్లని ఆ మాస్టారు మిగతా వాళ్లకన్నా ఓ పిసరు ఎక్కువే పట్టించుకునేవారు. నమ్మి ఇచ్చారు కదా అనే బరువు ఆయన మీద ఉండేది. ఎక్కడైనా పెట్టుకోండి అన్నామంటే, మంచి చోట పెడతారనే ధీమాతోనే అన్నాం. ఆ కుర్రవాడికి ఈ లెక్కలేవీ తెలియవు. ఎక్కడైనా పెట్టవచ్చు అన్నారు, పెట్టాడు.

మొదటి మ్యాచ్‌కి వెళ్లి కుర్చీ వేసుకుని చూస్తే మాది ముందు లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. మన గోల్‌కి దగ్గరగా, వెనక వరసలో కుడి పక్కన నిలబడి ఉంది. అవతలి ఫార్వర్డ్‌లని ఆపే పని. నా పిల్ల చోట్లో ఆ పొడుగు పిల్ల. ఏవండీ, ఇదేమిటి అన్నాను. ఏదో ప్రయోగం అయ్యుంటుందిలే, అతనికో ప్లాన్ ఉంటుంది అన్నారు ఈయన. అలా ఆ సీజనంతా ప్లాన్లు నడిచాయి. కొన్నాళ్లు కుడి పక్క, కొన్నాళ్లు ఎడమ పక్క, కొన్నాళ్లు మధ్య. గోల్‌కీపర్‌కి జ్వరమొస్తే దీనికి గ్లవ్స్ తొడిగి గోల్లో నిలబెట్టాడు. వేరే పిల్లల్ని కదిపితే తల్లులు ఊరుకోరు. మా దాన్ని ఎక్కడికి జరిపినా అడిగేవాళ్లు లేరు. ఆ బోర్డు మీద తేలిగ్గా జరిగే బిళ్ల మాదే.

ప్రతిసారీ ఒక మెచ్చుకోలు మాత్రం ఇచ్చేవాడు. ఈ జట్టులో అందరికన్నా కోచబుల్ పిల్ల మీదేనండీ అనేవాడు. ఏది చెప్పినా నేర్చుకుంటుంది, ఎదురు చెప్పదు అని అర్థం. ఆ మాటకి మేం పడిపోయాం. ఎవరింట్లోనో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలప్పుడు మా ఆయన ఆ మాటని నలుగురిలో రెండుసార్లు చెప్పారు. నేనూ తక్కువ తినలేదు. కోచబుల్ అంటే ఏంటి వదినా అని ఒకావిడ అడిగితే, ఏం చెబితే అది నోరెత్తకుండా చేస్తుంది అన్నాను గొప్పగా. చుట్టూ ఉన్న తల్లులందరూ, మా వాళ్లూ ఉన్నారు ఎందుకూ, పెట్టి పుట్టావమ్మా నువ్వు అని నిట్టూర్చారు. మా అమ్మాయి అక్కడే పక్కన పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడి ఇదంతా వింటోంది.

ముందు వరస ఎండిపోవడం నాలాంటి దానికి కూడా కనిపించింది. ఎడమ కాలి పిల్ల అలవాటు కొద్దీ చూడకుండానే బంతిని మధ్యలోకి కొట్టేది. అక్కడ ఎవరూ ఉండేవాళ్లు కాదు. పొడుగు పిల్ల ఆటే వేరు, బంతి కాళ్ల దగ్గరికి రావాలి ఆ పిల్లకి. కోచ్ గట్టిగా కేకలేసేవాడు, ఛాన్సు పోగొట్టిన పిల్లని వెంటనే బయటికి పిలిచి బెంచ్ మీద కూర్చోబెట్టేవాడు. దాంతో ముందు ఆడే పిల్లలందరికీ ఒక జబ్బు పట్టుకుంది. బంతి అందగానే గోల్ వైపు కాకుండా బెంచ్ వైపు చూడటం. పెద్దాయన ఉన్న రోజుల్లో ఇలా ఉండేది కాదు.

ఆ పొడుగు పిల్ల మీద మొదట్లో నాకు పీకల దాకా కోపం. ఒకరోజు వాళ్ల నాన్న నా పక్కన కూర్చున్నాడు. ఫోర్ట్‌వర్త్ అవతల ఎక్కడినుంచో గంటకి పైగా డ్రైవ్ చేసుకుని వస్తారట ప్రతి ప్రాక్టీసుకీ. పాత క్లబ్బులో దానికి స్నేహితులుండేవాళ్లు, ఇక్కడ ఒక్కరూ మాట్లాడరు, కోచ్ రమ్మన్నాడని వచ్చాం, గోల్స్ కొట్టకపోతే తన పరువు పోతుందని రాత్రి అన్నం తినడం లేదు అని చెప్పుకొచ్చాడు. ఆ పిల్ల అక్కడ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంది. ఎవరూ బంతి ఇవ్వడం లేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు గానీ, దాని బదులు వచ్చింది ఇంకా బరువుగా ఉంది. కోపం ఉన్నప్పుడు కనీసం ఎవరినో ఒకరిని తిట్టుకునేదాన్ని.

మా అమ్మాయి మాత్రం ఏమీ అనేది కాదు. అదే నన్ను తినేసింది. ఏడిస్తే ఓదార్చేదాన్ని, అలిగితే బుజ్జగించేదాన్ని. ఇది స్కూలు నుంచి రావడం, సాక్సులు ఎక్కించుకోవడం, కార్లో కూర్చోవడం. ఒకప్పుడు సాయంత్రాలు గ్యారేజ్ తలుపుకేసి బంతిని బాదుతుంటే, ఆ చప్పుడుకి తల పగిలిపోతోందే అని అరిచేదాన్ని. ఆ చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో కూడా నేను గమనించుకోలేదు. ఒకరోజు కూర తరుగుతూ ఉంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందేమిటా అనిపించింది.

ఇక ఊరుకోకూడదనుకున్నాను. కానీ ఊరుకోక ఏం చేయాలి? మ్యాచ్ అయిన వెంటనే కోచ్‌తో మాట్లాడకూడదు, ఒక రోజు గడవాలని క్లబ్ నియమం. కోపం చల్లారాలని పెట్టారట. నా కోపం మర్నాటికి చల్లారే రకం కాదు. ఈమెయిల్ రాద్దామని కూర్చున్నాను. మూడు పేరాలు దంచి రాశాను. ఎందుకైనా మంచిదని నా ఇంగ్లీషు ఒకసారి మా ఆయన్ని చూడమన్నాను. ఆయన ఒక వాక్యం ఘాటుగా ఉందని తీసేశారు. ఇంకోటి అతని ఉద్యోగాన్ని ప్రశ్నించినట్టుందని తీసేశారు. మొదట్లో మీ శ్రమకి కృతజ్ఞతలు అని ఒక మాట, చివర్లో ఇంకో మాట చేర్చారు. పంపాక చదువుకుంటే అందులో మిగిలింది కృతజ్ఞతలే. చాలా సంతోషమండీ, మీ మాటలు నాకు ఎంతో బలాన్నిచ్చాయి అని గంటలోపే కోచ్ జవాబిచ్చాడు.

ఆ రోజు మా ఆయనతో నేను పడ్డ గొడవ ఇంతా అంతా కాదు. ఏం మనిషండీ మీరు, మీ మొహమాటానికి పిల్ల బలైపోతోంది అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. నేను చేసేది దాని మంచికే కదా అన్నారు, గొంతు తగ్గించి. ఆ మాట అబద్ధం కాదు.

చివరికి నేనొక్కదాన్నే ప్రాక్టీసు అయ్యాక కోచ్ దగ్గరికి వెళ్లాను. మా అమ్మాయికి ముందు ఆడటం ఇష్టం అన్నాను. అతను చాలా ఓపిగ్గా విన్నాడు. ఈ వయసు పిల్లలు తమ సంగతి తామే మాట్లాడుకోవడం నేర్చుకోవాలి మేడమ్, నేను తనని అడిగాను, ఎక్కడైనా పర్వాలేదంది, తను వచ్చి చెబితే తప్పకుండా ఆలోచిస్తాను అన్నాడు. ఏమని వాదించను? దాని నోరు అది విప్పాలంటున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆ నోరు మూయించిందేమో మేము.

ఇంటికొచ్చి వంటింట్లో రిహార్సల్స్ పెట్టాను. నేను కోచ్‌ని. చేతిలో బోర్డు బదులు చపాతీ పీట. చెప్పు, ఏం కావాలో చెప్పు అన్నాను. అది నవ్వుతూ, సిగ్గుపడుతూ, కోచ్, నాకు ఫార్వర్డ్ ఆడాలని ఉంది అంది. గట్టిగా అనమన్నాను. గట్టిగానే అంది. చాలా రోజుల తర్వాత దాని మొహంలో ఆ పాత అల్లరి కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ప్రాక్టీసు దగ్గర కార్లోంచి చూస్తూ కూర్చున్నాను. అది అతని దగ్గరికి నడిచి వెళ్లింది. అతను వంగి విన్నాడు. ఏదో అన్నాడు. ఇది తలూపింది. అతను దీని భుజం తట్టాడు. వచ్చి కార్లో కూర్చున్నాక, ఏమన్నావే, చెప్పావా అని ఆత్రంగా అడిగాను.

"నేను ఇంకా ఏమన్నా బెటర్ చేయాలా అని అడిగాను అమ్మా," అంది. "నా ఆటతో హ్యాపీగా ఉన్నానన్నాడు."

నేను సీటు బెల్టు పెట్టుకుని కారు తీశాను.

సీజన్ చివర్లో సెలూన్ ఆవిడ నా దగ్గరికి వచ్చింది. తన కూతుర్ని వేరే క్లబ్బుకి మార్చేస్తోందట. మీ అమ్మాయిని కూడా తీసుకురా, ఇద్దరూ కలిసి ముందు ఆడతారు, అక్కడి కోచ్‌కి ఇద్దరి గురించీ చెప్పాను అంది. ఇక్కడ ఒకసారి సంతకం పెడితే ఏడాదంతా ఆ క్లబ్బుకే కట్టుబడి ఉండాలి. ఏడాది చివర్లో ఒక్క వారం రోజులు మాత్రం తలుపు తెరుచుకుంటుంది, అప్పుడే మారాలి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. గబగబా మా ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన మొహం చూడగానే అర్థమైంది. అంతకు ముందు వారమే కోచ్ నలుగురి మధ్యలో, వచ్చే ఏడాది మీరు ఉంటున్నారుగా అని అడిగాడట. ఈయన అయ్యో, తప్పకుండా అనేశారట. వద్దని ఎలా అంటానే, అంతమంది ముందు, అతను అంత నమ్మకంగా అడిగితే అన్నారు. మాటిచ్చేశారు, ఇక వెనక్కి తీసుకోరు. రెండు రోజులు అరిచాను, ఒక రోజు అన్నం మానేశాను. అమ్మాయిని అడుగుదాం అన్నారు. అడిగాం. అది నా మొహమూ చూసింది, వాళ్ల నాన్న మొహమూ చూసింది. డాడీ ప్రామిస్ చేశారు కదా అంది.

అలా ఎడమ కాలి పిల్ల వెళ్లిపోయింది. పార్కింగ్‌లో ఇద్దరూ కావలించుకున్నారు. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. మాది వీపు నిమిరి ఓదార్చింది.

రెండో ఏడు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు వరస ఎండినా వెనక వరస గట్టిగా నిలబడింది కాబట్టి కోరుకున్నట్టే పై డివిజన్‌కి వెళ్లారు, వెళ్లాక అందరి చేతుల్లోనూ ఓడిపోవడం మొదలైంది. గోల్స్ పడవు. కోచ్ ఇంకో ఇద్దరు ఫార్వర్డ్‌లని తెచ్చాడు. వాళ్లకీ ఇక్కడ కుదరలేదు, వచ్చిన దారినే పోయారు. పొడుగు పిల్ల మోకాలికి టేపు చుట్టుకుని ఆడుతూనే ఉంది, ఆ పిల్లకి బదులు ఎవరూ లేరు కాబట్టి. మాది వెనక వరసలో స్థిరపడిపోయింది. బాగానే ఆడేది కూడా. అందరూ మెచ్చుకునేవాళ్లు. నేను చప్పట్లు కొట్టేదాన్ని, ఇంటికొచ్చి గిన్నెలు దబదబా కడిగేదాన్ని.

చివరి మ్యాచ్. ఓడితే మళ్లీ కింది డివిజన్‌కి పడిపోతారు, సమం చేసినా చాలు. మే నెల ఎండ, గొడుగు కింద కూర్చున్నా మాడు పగిలిపోతోంది. రెండో సగంలో పొడుగు పిల్ల ఒక బంతి కోసం తిరగబోయి అక్కడే కూలిపోయింది. ఆ మోకాలే. వాళ్ల నాన్న కుర్చీ తోసేసి పరిగెత్తాడు. పిల్లని ఎత్తుకుని బయటికి తెచ్చి పడుకోబెట్టారు. కోచ్ బెంచ్ వైపు చూశాడు, ఫార్వర్డ్ అనేవాళ్లు లేరు. మైదానంలోకి చూశాడు. మా అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, ముందుకి వెళ్లు అని చెయ్యి ఊపాడు.

నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. దాదాపు రెండేళ్లుగా నేను దేవుడికి మొక్కుకున్నది ఇదే. ఇంకొకరి బిడ్డ పడిపోతే వచ్చిందే అని గుండెలో గుచ్చుకుంటూనే ఉంది, అయినా కళ్లు మాత్రం మా దాని మీదే ఉన్నాయి. నడిచి ముందుకి వెళ్లింది. అక్కడ నిలబడి అటూ ఇటూ చూసుకుంది, కొత్త చోటికి వచ్చినట్టు.

కాసేపటికి మధ్యలోంచి ఎవరో బంతిని పొడుగ్గా కొట్టారు. అవతలి జట్టు పిల్ల కాలు జారింది. మా అమ్మాయి బంతిని అందుకుంది. అంతే, దాని ముందు ఇక ఎవరూ లేరు. గోల్‌కీపర్ ఒక్కతే. నేను లేచి నిలబడ్డాను. ఆ పరుగు అదే పరుగు. చిన్నప్పుడు ఎలా దూసుకుపోయేదో అలాగే వెళ్లింది. కొట్టవే అని అరవడానికి నోరు తెరిచాను. గోల్‌కీపర్ బెదిరిపోయి ఎటు కదలాలో తెలియక నిలబడిపోయింది. ఎడమ పక్కన బోలెడంత ఖాళీ. ఆట తెలియని నాకే కనిపిస్తోంది.

అప్పుడు అది ఆగింది. తల తిప్పి మా బెంచ్ వైపు చూసింది. కోచ్ అక్కడ లేడు. పడిపోయిన పిల్ల మోకాలికి ఐస్ పెడుతూ కింద కూర్చుని ఉన్నాడు, ఇటు చూడటం లేదు. అది ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత బంతిని వెనక్కి తిప్పుకుని, తన వెనక వస్తున్న పిల్లకి జాగ్రత్తగా ఇచ్చేసింది. ఆ పిల్ల కొట్టబోయేలోపే అవతలి వాళ్లు వచ్చి మీద పడ్డారు.

మ్యాచ్ ఒక్క గోల్ కూడా లేకుండా ముగిసింది. సమం. డివిజన్ నిలిచింది. పిల్లలందరూ ఎగిరారు, తల్లులు కావలించుకున్నారు, ఎవరో నా చేతిలో నిమ్మరసం గ్లాసు పెట్టారు. ఎవరో చెబితే విన్నాడేమో, కోచ్ వచ్చి మా అమ్మాయి తల నిమిరి, తొందరపడకుండా ఆడావు, తెలివైన పని చేశావు అన్నాడట. మా ఆయన కూడా నవ్వుతూ అందరితో చేతులు కలిపారు. నేను చూసింది అక్కడ ఇంకెవరికీ కనిపించలేదా, లేక నాకే పిచ్చా అని అందరి మొహాలూ చూశాను. అందరూ సంతోషంగానే ఉన్నారు.

కార్లో కూర్చున్నాం. మా ఆయన తాళం పెట్టబోతున్నారు. అడగకూడదనుకుంటూనే అడిగాను. గొంతులో కోపం లేకుండా చూసుకున్నాను.

"ఎందుకు కొట్టలేదమ్మా?"

అది షూ విప్పుకుంటూ తలెత్తింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"కోచ్ చెప్పలేదు కదా," అంది. "ముందుకి వెళ్లు అన్నాడు. షూట్ చేయి అనలేదు."

మా ఆయన చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు ఆయన.

"నీకు కొట్టాలనిపించలేదా మరి?" అన్నాను.

అది ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నన్ను నొప్పించకుండా సరైన జవాబు చెప్పాలన్నట్టు.

"నాకేం అనిపించలేదమ్మా," అంది.

ఆకలేస్తోందా అని అడిగారు మా ఆయన. మీరు ఎక్కడికంటే అక్కడికే డాడీ అంది. ఆయన కారు స్టార్ట్ చేశారు. నా కూతురు నా వెనక సీట్లోనే కూర్చుని ఉంది, వెనక్కి తిరిగి దాని మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇంటిదాకా రోడ్డునే చూస్తూ కూర్చున్నాను.